ఛిల్లా నలభై రోజులు నేనెక్కడున్నాను?

నెల కింద ఒక జుమ్మా రోజు నమాజ్ చదివి ఇంటికొచ్చేసరికి దస్తర్‌ఖాన్ మీద అన్నం గిన్నెలకు బదులు కాగితాలు పరిచి ఉన్నాయి. పెద్ద బేటీ కడుపుతో ఉంది. ఏడో నెల. మొదటి జచ్కి కాబట్టి రివాజు ప్రకారం మైకాకు, అంటే మా ఇంటికి వచ్చింది. సత్వాసా చెయ్యాలని మా బీవీ, మా ఆపా కూర్చుని లిస్టు రాస్తున్నారు. ఆకుపచ్చ జోడా, గాజులు, పూల జేవర్, ఏడు రకాల పండ్లు, సమ్ధన్ వాళ్ళింటికి బట్టలు, నూటిరవై మందికి బిర్యానీ, డబల్ కా మీఠా. అన్నీ కూడితే డెబ్బై వేలు దాటింది.

నేను బేటీని అడిగాను. "ఖూన్ టెస్టు చేయించారు కదా బేటా, ఎంతుంది?"

"ఏమో అబ్బా. ఫైల్లో ఉంటది చూడండి."

ఫైలు అల్మారాలో చీరల కింద దొరికింది. హిమోగ్లోబిన్ 8.9. డాక్టరమ్మ ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. టెస్టు చేసి పదహారు రోజులైంది. ఆ పదహారు రోజుల్లో మా ఇంట్లో ఒక్కరం కూడా ఆ కాగితం తిప్పి చూడలేదు. నూటిరవై మందికి ఎన్ని కిలోల గోష్త్ పడుతుందో మాత్రం మా ఆపాకు నోటికొచ్చు.

ఇది మా ఇంటి ఆడవాళ్ళ మీద నింద వెయ్యడానికి రాయట్లేదు. ఆ ప్రశ్న అడిగింది నేనేదో అఖల్‌మంద్‌ని కాబట్టి కూడా కాదు. ఇరవై ఏడేళ్ళ కింద అది అడగక ఏం జరిగిందో నాకు తెలుసు కాబట్టి.

1998లో ఇదే బేటీ పుట్టింది. బీవీ వాళ్ళ మైకాలో ఉంది, నేను మా ఊళ్ళో దుకాణం చూసుకుంటున్నాను. నొప్పులొచ్చాయని ఖబర్ అంది, బస్సెక్కి వెళ్ళేసరికి బిడ్డ పుట్టేసింది. వరండాలో అందరూ ముబారక్ చెబుతున్నారు. నేను మిఠాయి కోసం జేబులోంచి పైసలు తీస్తున్నాను. అప్పుడు నర్సు బయటికొచ్చి బ్లీడింగ్ ఆగట్లేదు, రక్తం కావాలి, ఆమెది ఏ గ్రూపు అని అడిగింది. నాకు ఆమెతో నికాహ్ అయి అప్పటికి మూడేళ్ళు. ఏ రంగు చీర ఇష్టమో తెలుసు. ఖుబానీ కా మీఠాలో మలాయి వేసుకోదని తెలుసు. బ్లడ్ గ్రూపు తెలీదు. వాళ్ళ అబ్బాకూ తెలీదు. ఆ రాత్రి రెండు బాటిళ్ళ కోసం స్కూటర్ మీద నేను తిరిగిన తిరుగుడు దుష్మన్‌కు కూడా వద్దు. ఒక బాటిల్ ఇచ్చింది రోడ్డు మీద చాయ్ తాగుతున్న ఒక లారీ క్లీనర్. అతని పేరు కూడా అడగలేదు, అంత హడావుడి. అల్లా రహమ్ చేశాడు, ఆమె బతికింది. కాన్పుకు ముందే ఆమె ఖూన్ ఎనిమిది కంటే తక్కువుందని తర్వాత చీటీ చూస్తే తెలిసింది. ఆ చీటీ కూడా చీరల కిందే ఉంది.

కాన్పయ్యాక కొంత రక్తం పోవడం మామూలే. అర లీటరు దాటితే ఖత్రా కింద లెక్క. ఒంట్లో ఖూన్ నిండుగా ఉన్న మనిషి అంత పోయినా తట్టుకుంటుంది. ఎనిమిదితో టేబుల్ ఎక్కిన మనిషికి అదే అర లీటరు ప్రాణం మీదికి తెస్తుంది. గర్భిణికి 11 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భిణుల్లో 52 శాతం మంది ఆ గీత కింద ఉన్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం దాటారు.

"మనకేం భాయ్, గోష్త్ తినేటోళ్ళం, మనకు ఖూన్ తక్కువ ఎట్లయితది" అని మస్జిద్ మెట్ల మీద ఒక దోస్త్ అన్నాడు. గోష్త్ వండిన మాట నిజమే. బోటీలు ఎవరి ప్లేట్లో పడుతున్నాయో ఒక్కరోజు కూర్చుని చూడమన్నాను. ముందు మగవాళ్ళ దస్తర్‌ఖాన్, తర్వాత పిల్లలు, ఆ తర్వాత మిగిలిన షోర్వాలో రోటీ ముంచుకుని తినేది బహూ. కడుపుతో ఉన్నా అంతే.

ఇక గోళీల సంగతి. ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన గోళీ రోజుకొకటి చొప్పున 180 రోజులు సర్కారు దవాఖానాలో ముఫ్త్‌గా ఇస్తారు. కాన్పయ్యాక మళ్ళీ 180 రోజులకు ఇస్తారు. మా బేటీ వాటిని ఎప్పుడో మానేసింది. నల్లగా విరోచనం అవుతోంది, కడుపులో తిప్పుతోంది, మలబద్ధకం. ఇవన్నీ ఐరన్ గోళీతో వచ్చేవే, బిడ్డకేం కాదు, రాత్రి పడుకునే ముందు వేసుకుంటే కొంత తగ్గుతుంది అని ఆమెకెవరూ చెప్పలేదు. వేసుకున్న రోజుల్లో కూడా అన్నం తిని, గోళీ వేసుకుని, వెంటనే చాయ్ తాగింది. మా ఇంట్లో చాయ్ పడకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. ఆ చాయ్ ఐరన్‌ని కడుపులోనే పట్టేసి ఒంటికి అందనివ్వదు. గోళీకీ చాయ్‌కీ మధ్య కనీసం గంటా రెండు గంటలు గ్యాప్ ఉండాలి. కాల్షియం గోళీ కూడా దాంతో కలిపి మింగొద్దు, అది ఒక పూట, ఇది ఒక పూట. గోళీ మీద నిమ్మకాయ నీళ్ళు తాగితే మంచిది, జామకాయ తిన్నా మంచిదే. ఇంత చిన్న విషయాలు. ఏడు రకాల పండ్ల లిస్టులో జామకాయ ఉంది కూడా, కాకపోతే అది పళ్ళెంలో అలంకరించడానికి.

అసలు ఈ తయ్యారీ కడుపు పండాక మొదలుపెట్టేది కాదు. బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్న రోజు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలంటారు. వలీమా మరునాటి నుంచి "ఏమైనా ఖుష్‌ఖబరీ ఉందా" అని అడిగే చుట్టాల్లో ఒక్కరైనా ఆ గోళీ పేరు చెబుతారా? ఖాలా కొడుక్కీ మామూ కూతురికీ చేసుకునే ఖాందాన్‌లు మనలో బోలెడు. మేనరికాలు చేసుకునే హిందూ సోదరుల్లోనూ తక్కువేం కాదు. అలాంటి జంట ఇద్దరూ ఒక్కసారి తలసీమియా టెస్టు చేయించుకోవాలంటే నిషానీ తెంపేస్తున్నట్టు చూస్తారు. ఇద్దరూ దాన్ని ఒంట్లో మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డకు నెలనెలా రక్తం ఎక్కించాల్సిన జబ్బు రావడానికి. దీని మీద ఇంకెప్పుడైనా వివరంగా రాస్తాను.

ఆపరేషన్ల గురించి కూడా ఒక మాట చెప్పి వదిలేస్తాను. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలోనే ఎక్కువ. ప్రైవేటులో అయితే 81 దాటింది. అవసరమైనప్పుడు అది తల్లిని, బిడ్డను కాపాడుతుంది, అందులో షక్ లేదు. ఎందుకు అవసరమో డాక్టరమ్మను అడిగే హఖ్ మనకుంది. ఆ ప్రశ్న ముందే, చెకప్‌కు పోయినప్పుడే అడగాలి. నొప్పుల మధ్య సంతకం పెట్టమన్నప్పుడు కాదు. మంచి రోజు చూసి కోయించుకునే వాళ్ళను చూసి మనవాళ్ళు నవ్వుతారు కానీ, జుమ్మా రోజే పుట్టాలని డేటు పెట్టించుకున్న ఇద్దరు ముగ్గురు నాకూ తెలుసు.

బేటీ పుట్టిన మొదటి మూడు రోజులు పసుపుపచ్చటి చిక్కటి పాలు పిండి పారేశారు. "ఖరాబ్ పాలు" అన్నది మా సాస్. అమ్మీ కూడా అవునంది. బిడ్డకు తేనె నాకించారు, తర్వాత పంచదార నీళ్ళు, తర్వాత ఘుట్టీ. ఇద్దరూ మొహబ్బత్‌తోనే చేశారు. ఆ ఖరాబ్ అన్న పాలే బిడ్డకు మొదటి టీకా లాంటివని, పుట్టిన గంటలోపు రొమ్ము అందించాలని, ఏడాది దాటే దాకా తేనె వద్దని వాళ్ళకు ఎవరు చెప్పారు? పుట్టినరోజు బిడ్డ కడుపు చిన్న గోలీకాయంత. కొన్ని చుక్కలు చాలు. అది తెలియక "పాలు పడలేదు, పాలు పడలేదు" అని అందరం అంటే, ఆ మాటకే తల్లి బెంగ పెట్టుకుంటుంది. తహనీక్ సంగతేంటి అని మీరడుగుతారు. మా పేష్ ఇమామ్ సాబ్‌ను అడిగాను. ఖజూర్ రుచి తగిలీ తగలనట్టు పెదవికి తాకిస్తే చాలు, దాని పేరు మీద గిన్నెడు తేనె పట్టడం మన ఖయాల్ అన్నారు. పిల్లల డాక్టర్‌ను అడిగితే అది కూడా ఎందుకన్నాడు. చెవిలో అజాన్ చెప్పడానికి మాత్రం ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. బొడ్డుకు బూడిద, కళ్ళకు సుర్మా, చెవుల్లో నూనె మాత్రం మా ఇంట్లో ఈసారి బంద్. నజర్ తగలకుండా చుక్క పెట్టాలనుకుంటే అరికాలికి పెట్టుకోమన్నాను.

ఛిల్లా మంచిదా చెడ్డదా అంటే ఒక్క ముక్కలో చెప్పలేను. జచ్చాను నలభై రోజులు చీపురు పట్టనివ్వొద్దు, పొయ్యి దగ్గరికి పోనివ్వొద్దు, మాలిష్ చేసి, సోంఠ్, గోంద్, మేవా వేసిన లడ్డూలు పెట్టాలి అని రివాజు పెట్టిన మన బుజుర్గులు తెలివైనవాళ్ళు. సర్కారు లెక్కలో కూడా ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి చూడాలి. నలభై రెండుకూ మన నలభైకీ ఎంత తేడా? కానీ అదే ఛిల్లాలో నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని గ్లాసు లాక్కుంటారు. పండు ఠండా అంటారు. కిటికీలు మూసి మంచం కింద బొగ్గుల అంగీఠీ పెడతారు, ఆ బొగ్గులు వదిలే గ్యాసు కంటికి కనపడదు, మనుషుల్ని నిద్రలోనే తీసుకుపోతుంది. మంచం దిగొద్దు అంటారు, కాళ్ళు కదలకపోతే లోపల రక్తం గడ్డకడుతుందని తెలియదు. నిఫాస్ రోజుల్లో నమాజ్ నుంచి, రోజా నుంచి అల్లాయే ఆమెకు మాఫీ ఇచ్చాడు. మనం మెహమాన్ల నుంచి మాఫీ ఇవ్వం. వచ్చినవాళ్ళందరికీ లేచి కూర్చుని, దుపట్టా సర్దుకుని సలామ్ చెప్పాలి.

మరి ఆ నలభై రోజులూ నేనేం చేశాను? ఆదివారం ఆదివారం పోయేవాణ్ణి. ముందు గదిలో నాకొక కుర్చీ. దామాద్ వచ్చాడని మా సాస్ బగారా ఖానా, దాల్చా చేసేది. బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టేవారు. ఏడిస్తే తీసుకుపోయేవారు. వెనక గది తలుపు దగ్గర నిలబడి "ఎట్లున్నవ్" అంటే ఆమె "అచ్ఛీ హూఁ జీ" అనేది. నాలుగింటి బస్సుకు నేను వెనక్కి. నలభై రోజుల్లో మా ఇద్దరి మాటలు అన్నీ కలిపినా గంటకు మించవు. అదే షరాఫత్ అనుకున్నాను. జచ్చాఖానాలో మగాడికేం పని?

ఆ లిస్టు రాసిన రాత్రి బీవీకి నిద్ర పట్టలేదు. 8.9 చూసినప్పటి నుంచి ఆమె మనసు బాగాలేదు. పన్నెండు దాటాక, "మీకొకటి ఇన్నేళ్ళూ చెప్పలేదు" అంది. బేటీ పుట్టిన ఇరవయ్యో రోజో, ఇరవై రెండో రోజో. రాత్రంతా బిడ్డ ఏడుస్తూనే ఉంది. బిడ్డను మంచం మీద పెట్టి పెరట్లో బావి దాకా పోయి నిలబడిందట.

"ఫజర్ అజాన్ దాకా అక్కడనే ఉన్న జీ. బిడ్డ ఏడుపు ఇనబడుతుంది. నాకేం అనిపిస్తలేదు. నా బిడ్డ అని కూడా అనిపిస్తలేదు."

పొద్దున మా సాస్ చూసి, ఆసేబ్ తగిలిందని ఆమిల్‌ను పిలిపించి తావీజ్ కట్టించింది.

ఆ తావీజ్ నేను చూశాను. ఆ ఆదివారం పోయినప్పుడు ఆమె మెడలో నల్ల దారంతో కొత్తగా కనపడింది. ఎందుకని అడగలేదు. బస్సుకు టైమవుతోంది.

కాన్పయిన మూడో నాలుగో రోజు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే, రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తల్లికి కునుకు పట్టకపోతే, బిడ్డను చూస్తే ఏమీ అనిపించకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అది ఆసేబ్ కాదు, నాఫర్మానీ కాదు, బీమారీ. దానికి దవా ఉంది, పాలిచ్చే తల్లి వాడదగ్గ దవా కూడా ఉంది. దువా చెయ్యండి, దాంతో పాటు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే ముఫ్త్‌గా మాట్లాడతారు. 1998లో ఆ నంబర్ లేదు. నేనున్నాను. నాకు దాని నామ్ తెలియదు, అడగాలనే సోయి కూడా లేదు.

దీన్ మాట తెచ్చి ఆడవాళ్ళ మీద పెట్టే మగవాళ్ళకు సూరె బఖరా 233వ ఆయత్ చూపిస్తుంటాను. తల్లి పాలివ్వాల్సిన రెండేళ్ళ సంగతి అందరికీ గుర్తుంటుంది. అదే ఆయత్‌లో ఆమె తిండి, బట్ట తండ్రి జిమ్మేదారీ అని, పాలు మాన్పించాలన్నా ఇద్దరూ మషూరా చేసుకుని, ఇద్దరికీ రాజీ అయితేనే చెయ్యాలని కూడా ఉంది. పాలిచ్చేది ఆమె ఒక్కతే. మషూరాకు మాత్రం ఇద్దరూ కావాలి. వారానికోసారి ముందు గదిలో కుర్చీలో కూర్చుని పోయేవాడు ఏం మషూరా చేస్తాడు?

అందుకే ఈసారి నా పట్టు అంతా దామాద్ మీద పడింది. దమ్మామ్‌లో ఏసీ మెకానిక్. ఏడాదికి ఒకసారి ముప్ఫై రోజుల ఛుట్టీ. సమ్ధన్ ప్లాను ఏంటంటే, కాన్పు అయ్యాక, ఛిల్లా నహాన్ అయ్యాక, ఫంక్షన్ హాల్లో ఘనంగా అఖీఖా పెట్టుకుని అప్పుడు కొడుకును రప్పించాలి. "అప్పుడైతే అందర్నీ కలుస్తడు భాయ్ సాబ్, ఇప్పుడొచ్చి జచ్చా పక్కన కూర్చుని ఏం చేస్తడు?" నేను కాదన్నాను. అఖీఖా సున్నత్ ఏడో రోజు. ఆ రోజు ఇంట్లోనే చేసుకుని గోష్త్ పంచేద్దాం. ఛుట్టీ మాత్రం కాన్పుకు వారం ముందు నుంచి వాడుకోవాలి. సమ్ధన్‌కు కోపమొచ్చింది, నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆమె కోపంలో కూడా ఒక వజా ఉంది. కొడుకు ఏడాదికోసారి కనపడతాడు, ఆ ముప్ఫై రోజులూ మా ఇంట్లో గడిపితే ఆమెకేం మిగులుతుంది? అందుకు నా దగ్గర జవాబు లేదు. గల్ఫ్ మన ఇళ్ళలో పెట్టిన లెక్క అది. ఆమె కూడా వచ్చి మా ఇంట్లోనే ఉండొచ్చని కబురు పెట్టాను.

దామాద్ నాతో వాట్సాప్‌లో మాట్లాడాడు. "వస్త మామూ. కానీ నేనొచ్చి ఏం చెయ్యాలె? నాకేం రాదు."

నవ్వొచ్చింది, తర్వాత నవ్వు పోయింది. నేను అప్పుడు ఎవరినైనా ఈ మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది. చెప్పాను. పాలు తాగాక బిడ్డను భుజాన వేసుకుని తేన్పు రప్పించడం వస్తుంది నీకు. చొక్కా విప్పి బిడ్డను ఛాతీకి ఆనించుకుని దుప్పటి కప్పుకుంటే ఆ వెచ్చదనం నీదైనా పనిచేస్తుంది. మొదటి వారం చివరికి రోజుకు ఆరు సార్లైనా బిడ్డ ఉచ్చ పోయాలి, అది లెక్కపెట్టు, పాలు సరిపోతున్నాయో లేదో పదిమంది చెప్పేదానికంటే ఆ లెక్క బాగా చెబుతుంది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టు. మొదటి రోజే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చగా కనపడినా, పాలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా ఎండలో పెట్టుకుని కూర్చోకు, ఆటో ఎక్కు. ఆమెకు గంటలో ఒక ప్యాడ్ నిండిపోతున్నా, జ్వరమొచ్చినా, తల పగిలిపోతూ కళ్ళు మసకలు కమ్మినా ఎవరి ఇజాజత్ కోసమూ చూడకు. పాలిస్తున్నప్పుడు పక్కన నీళ్ళ గ్లాసు పెట్టు. మెహమాన్లొస్తే గుమ్మంలో నువ్వు నిలబడు, ఆమె పడుకుంది అని చెప్పు. ఆ మాట ఆమె చెబితే బద్తమీజీ అంటారు, నువ్వు చెబితే ఊరుకుంటారు.

"ఇంతేనా మామూ?" అన్నాడు.

"రోజూ రాత్రి ఆమెను ఎట్లున్నవ్ అని అడుగు. అచ్ఛీ హూఁ అంటే ఇంకోసారి అడుగు" అన్నాను.

సత్వాసా అయింది. పాతిక మందితో, ఇంట్లోనే. బీవీ మొహం చిన్నబుచ్చుకుంది, మా ఆపా అయితే ఇప్పటికీ మాట్లాడట్లేదు. డాక్టరమ్మ ఐరన్‌ను సెలైన్‌లో ఎక్కించింది, గోళీలు కూడా మళ్ళీ మొదలుపెట్టింది. నిన్నటి టెస్టులో 10.2 వచ్చింది. ఇంకా పదకొండు కాలేదు. బేటీది ఓ పాజిటివ్. నెగటివ్ అయ్యుంటే ఏడో నెలలో ఒక ఇంజెక్షన్, బిడ్డది పాజిటివ్ అని తేలితే పుట్టిన 72 గంటల్లోపు ఇంకోటి పడేది. మస్జిద్ దగ్గర క్యారమ్స్ ఆడే కుర్రాళ్ళలో ముగ్గురిది ఓ పాజిటివ్, వాళ్ళ నంబర్లు నా ఫోన్లో ఉన్నాయి. ఫైలు ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంటోంది.

పాత లిస్టు వెనక వైపు బీవీ ఇంకో లిస్టు రాసింది. ఎవరు ఏ పూట బిడ్డను చూడాలి, ఎవరు వండాలి, ఎవరు బట్టలు ఉతకాలి. దామాద్ వచ్చేదాకా, వచ్చి పోయాక కూడా. దాంట్లో రాత్రి రెండు నుంచి ఫజర్ దాకా గడిలో "నానా" అని రాసింది. ఇదేంటని అడిగాను.

"మీరప్పటివి బాకీ ఉన్నరు కదా" అంది.